ముప్పై సెంటీమీటర్ల కింద

మా అన్న గాసిని చంపింది కంచె కాపలావాళ్ళు నలుగురు. పోలీసు కాగితాల్లో అలాగే ఉంది, అది అబద్ధమూ కాదు. కాని నన్నడిగితే మొదటి ముద్దాయి ఒక ఉక్కు గొట్టం. ముప్పై సెంటీమీటర్ల పొడవు, పిడికిలంత లావు. దాన్ని నేలలోకి దిగ్గొట్టి, తిప్పి పైకి లాగితే ఒక మట్టి కడ్డీ వస్తుంది. ఆ మట్టిలో కర్బనం ఎంత చేరిందో కొలవడం నా ఉద్యోగం. ఐదేళ్ళలో పదకొండు వేల కడ్డీలు తీశాను. ఒక్కటంటే ఒక్కటి ముప్పై ఒకటో సెంటీమీటరు చూసిన పాపాన పోలేదు.

ముప్పయ్యే ఎందుకంటే అందరూ అంతే కొలుస్తారు కాబట్టి. దున్నే పొలాల కోసం ఎవరో ఎప్పుడో పెట్టుకున్న కొలత అది, నాగలి దిగేంత లోతు. బోడిమెట్ట మీద పుట్టి బుద్ధెరిగి ఎవరూ నాగలి కట్టలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం కదా.

నా పేరు కిల్లో సొంబరి. సోమవారం పుట్టాను, మా వైపు ఆ పేరే పెడతారు. మా ఊరు కుండలోవ, పాడేరు నుంచి రెండు కొండలవతల. పేరుకు తగ్గట్టే కుండ అడుగున ఉన్నట్టుంటుంది. నలభై ఆరు గడపలు. పడమట ఊరి నెత్తిన బోడిమెట్ట, చెట్టనేదే లేని గడ్డికొండ. తూర్పున పనసమెట్ట. బోడిమెట్ట నుంచి దిగే వాగుని గెడ్డ అంటాం, అది మా పెరళ్ళని ఒరుసుకుంటూ పోతుంది, ఊరి నుంచి బయటికి దారి కూడా ఆ గెడ్డ వెంటే.

ఆ గడ్డిలో ఏముందని డాక్టర్ ఇవటూరి విశ్వపతిగారు విశాఖపట్నం వదిలి వచ్చారో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఒకరోజు నా చేత ఒక గడ్డి దుబ్బు పీకించి, మట్టి దులిపించి, వేళ్ళు వేరుగా ఆకు వేరుగా తూయించారు. వేళ్ళ బరువు ఆకుకి మూడింతలుంది. "చూశావా అమ్మా, ఈ గడ్డి తన సొమ్మంతా భూమిలోనే దాస్తుంది. వేరు చస్తుంది, చలికి పూర్తిగా కుళ్ళదు, ఇనుపమట్టి దాన్ని పట్టుకుని వదలదు. ఏడాదికి వెంట్రుక మందం. ఇలా వేల ఏళ్ళు" అన్నారు. ఆ వేల ఏళ్ళ పనిని ఐదేళ్ళలో చేయించడానికి ఆయన ఒక బూజుని తయారుచేశారు. తెల్లటి పోగులుగా గడ్డి వేళ్ళకి అల్లుకుని, వేరులోని తీపిని పీల్చి, దాన్ని జిగురుగా మార్చి మట్టికి అంటిస్తుంది. గాలిలో పొగ తగ్గించే మందు అది. దాని అసలు పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. మేమంతా నూలు అనేవాళ్ళం.

నూలు చల్లిన రెండో ఏడు మెట్ట చుట్టూ కంచె వేశారు. పశువులు రాకూడదు, నిప్పు రాకూడదు. మా వాళ్ళు ప్రతి పుష్యమాసంలో మెట్టని పట్టీలు పట్టీలుగా కాల్చి, చివురు మొలిచాక ఆవుల్ని తోలతారు. అది మా తాతల నాటి పని. కాలిస్తే దాచిన కర్బనమంతా పొగై పోతుందని మా డాక్టరుగారి భయం. కంచె కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, కొలత టేపు పట్టుకుని.

మూడేళ్ళు అన్న నాతో మాట్లాడలేదు. నాలుగో ఏడు పుష్యమాసంలో ఒక ఆదివారం ఉదయం నేను ఇంటికెళ్తే తనే పలకరించాడు. అమ్మ రాగి అంబలి పోసి ఇద్దరి ముందూ పెట్టింది. వదిన డొమిని పెరట్లో కట్టెలు కొడుతోంది.

"సొంబరీ, ఒకటడుగుతాను సెప్పు" అన్నాడు అన్న. "మొన్న ఆవులు రెండు కంచె సందులోంచి దూరిపోనాయి. తోలుకు రాడానికి నానెల్లాను. మెట్ట మీద పశువు నడిస్తే సప్పుడు మారిపోనాది. ఏటది?"

"నేల గట్టిపడినాది, అంతే."

"గట్టిపడితే టకటకలాడాల. ఇది అటక మీద నడిసినట్టు డబడబలాడతంది. కింద డొల్ల."

"డొల్లేటి, నీ మొకం. నేను రోజూ తవ్వి సూస్తన్నాను కదా."

"ఎంత లోతు తవ్వతన్నావు?"

నేను చేత్తో చూపించాను. అన్న నా చేతి వంక చూసి నవ్వాడు. ఎకసెక్కం నవ్వు కాదు, జాలి నవ్వు. నాకు ఒళ్ళు మండింది.

"రేపు పొద్దుటే తూరుపు వార కాల్సేత్తాను. కంచె కోసేత్తాను. ఆవుల డెక్కలు పడితేనే ఆ నేల నేలవుతాది" అన్నాడు. అమ్మ నా వంక చూసింది. "తినండర్రా, సల్లారిపోతంది" అంది.

ఆ మధ్యాహ్నం నేను కాపలా సూపర్‌వైజర్ బెహరా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఏ వార కాలుస్తాడో, ఏ వేళో, అన్నీ చెప్పాను. నిప్పు పెట్టాక దొరికితే ఏళ్ళ తరబడి జైలని, పెట్టకముందే పట్టుకుంటే ఒక పూట గదిలో కూర్చోబెట్టి పంపేస్తారని అనుకున్నాను. "చెయ్యి వెయ్యం, నాది పూచీ" అన్నాడు బెహరా. నా ఐదేళ్ళ పని కాలిపోకూడదని కూడా అనుకున్నాను. అదీ ఉంది, దాచను.

సోమవారం పొద్దున నేను ఎదుటి వాలు మీద గొట్టం దిగ్గొడుతున్నాను. అన్న కంచె కోసి లోపలికి రావడం, గడ్డి కాగడా నేలకి ఆనించడం కనిపించింది. నలుగురూ రాళ్ళ చాటునుంచి లేచారు. చేతుల్లో లాఠీలు కావు, కంచెకి పాతే ఇనుప కమ్మీలు. మొదటి దెబ్బ మోకాళ్ళ మీద కొట్టారు. కూలబడ్డవాణ్ణి లేపడానికి కాదు వాళ్ళు వచ్చింది. నేను పరుగెడుతూ లెక్కపెట్టాను, ఎందుకో తెలియదు, లెక్కపెట్టడం నాకు అలవాటు. ఎనిమిదో దెబ్బకి చేతులు అడ్డం పెట్టడం మానేశాడు. పద్నాలుగో దెబ్బకి నేను చేరాను. చేతిలో గొట్టంతో ఎదురొచ్చినవాడి మూతి మీద కొట్టాను. పళ్ళు రాలి వాడు నోరు పట్టుకుని పడ్డాడు. మిగతా ముగ్గురూ కమ్మీలు పారేసి పరుగందుకున్నారు.

అన్న నోటి నిండా మట్టి ఉంది. వేలు పెట్టి తీశాను. మట్టి వచ్చింది, రక్తం వచ్చింది, ఊపిరి రాలేదు. అన్న పెట్టిన నిప్పు ఇరవై అడుగులు పాకి, ఎండు గడ్డిలోనే, దానంతటది ఆరిపోయింది. ఎందుకారిందో ఆ వేళ నేను పట్టించుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి శవాన్ని కోసి కుట్టి ఇచ్చారు. మా వాళ్ళలో పశువుల కాపరి కొండ మీద పోతే కొండ మీదే పూడుస్తారు. మనిషి నిలబడి చెయ్యెత్తితే ఎంత ఎత్తో అంత లోతు తవ్వాలి. ముందు నడిచే ఆవు మెడలోని కొయ్యగంట విప్పి అతని గుండె మీద పెట్టాలి. అది లేకపోతే పైలోకంలో పశువులు అతని మాట వినవంటారు. ఊరు ఊరంతా కంచె తొక్కుకుంటూ మెట్ట ఎక్కింది. కాపలావాళ్ళు ఒక్కరూ అడ్డం రాలేదు. బెహరాకి చెప్పింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. ఒంటి మీద లాబొరేటరీ కోటు ఉన్నందుకే నా మీద ఉమ్మేవాళ్ళు ఉమ్మారు. చెప్పులు దూరంగా విడిచి వెనకాల నిలబడ్డాను.

గొయ్యి తవ్వింది వదిన తమ్ముళ్ళిద్దరు, బొంజు, డొంబు. అడుగు లోతు దాకా మట్టి కాటుకలా ఉంది, నేను ఐదేళ్ళుగా కొలిచి మురిసిపోయిన మట్టి. తర్వాత గునపం ఖణేలుమంది. తెల్లటి పొర, గచ్చు చేసినట్టు, మూడు వేళ్ళ మందం. దాన్ని పగలగొట్టడానికి బొంజుకి చాలాసేపు పట్టింది. పొర కింద మట్టి మారిపోయింది. బూడిదరంగు. పిండిలా రాలుతోంది. ఒక వేరు లేదు, పురుగు లేదు. చిన్నప్పుడు మా తాతకి ఇక్కడే గొయ్యి తవ్వారు, అప్పుడు ఛాతీ లోతు దాకా నలుపే. ఆ నలుపంతా ఏమైంది?

బొంజు నడుము లోతుకి దిగి, ఒకసారి వంగి మళ్ళీ లేవలేదు. కాలు జారిందనుకుని డొంబు నవ్వుతూ దూకాడు. వంగి తమ్ముడి చంకలో చెయ్యి వేశాడు, నోరు తెరిచాడు, వాడి మీదే బోర్లా పడ్డాడు. అరుపు లేదు, పెనుగులాట లేదు. వదిన గొయ్యి అంచుకి పరుగెత్తింది. నేను వెనకనుంచి ఆమె జుట్టు దొరకబుచ్చుకుని నేలకేసి కొట్టాను. గీరింది, కరిచింది, నేను వదల్లేదు.

"అగ్గి దించండి, నూతిలోకి దిగే ముందు దించినట్టు దించండి" అని అరిచాను.

ఒక ముసలాయన కర్ర చివర గడ్డి కట్టి అంటించి గోతిలోకి దించాడు. అంచు దాటి మూరెడు దిగిందో లేదో, ఎవరో చేత్తో నలిపేసినట్టు మంట ఆరిపోయింది. మళ్ళీ అంటించాడు, మళ్ళీ ఆరింది. తాళ్ళూ కొక్కేలూ వేసి ఇద్దర్నీ లాగేసరికి ఇద్దరి మొహాలూ నల్లబడిపోయాయి.

"కొండకి ఇసం ఎట్టేసినారు" అంది వదిన, నేల మీద కూర్చునే. గట్టిగా కూడా అనలేదు. అంతే, ఊరు లేచింది.

మెట్ట మీది లాబొరేటరీ అరగంటలో పోయింది. అద్దాలు, బీరువాలు, నా పదకొండు వేల కడ్డీల పెట్టెలు, సెల్ టవరు, అన్నీ పోయాయి. ఒక కాపలావాణ్ణి మెట్ల మీంచి తోసి గొడ్డలి మడమతో నడుము విరగ్గొట్టారు. డాక్టరుగారిని బయటికి ఈడ్చి రాళ్ళతో కొట్టారు. నేను ఆయన మీద పడుకున్నాను. నా వీపు మీద పడ్డ రాళ్ళు కొన్ని గురి తప్పి పడ్డవి కావు. అన్నీ తగలబెట్టి, మూడు శవాలనూ మోసుకుని వాళ్ళు ఊళ్ళోకి దిగిపోయారు. ఇంకెక్కడ పూడ్చాలో ఎవరికీ తోచలేదు.

డాక్టరుగారు తలకి నా కోటు చింపి కట్టుకుని లేచారు. ఒక కన్ను మూసుకుపోయింది. గొయ్యి సంగతి చెప్పాను. ఆయన కాలుతున్న గదిలోంచి మూడు గొట్టాలు ఏరుకొచ్చి, ఒకదానికొకటి ఇనుప తీగతో బిగించారు. ఎండ వాలేలోపు ఇద్దరం కలిసి దాన్ని దిగ్గొట్టాం. పొర పగలగానే గొట్టం చుట్టూ బుస్సుమంది, కుక్కర్ మూత కదిపినట్టు. మొహాలు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి లాగాం. మూడడుగుల కడ్డీని గడ్డి మీద పరిచారు.

"తూచు" అన్నారు.

మిగిలిన ఒక త్రాసులో ముక్క ముక్క తూచాను, కాల్చి మళ్ళీ తూచాను. పై ముక్కలో కర్బనం ఒక వంతు పెరిగింది. మా తాత గోతిలో చూసిన నలుపుతో పోలిస్తే కింది ముక్కల్లో నాలుగు వంతులు పోయింది.

"పైన పొర బిగిసేసరికి కింద చిక్కుకున్న నూలుకి తిండి లేకుండా పోయిందమ్మా" అన్నారు. "వేల ఏళ్ళ పాత నిల్వ మీద పడి తింది. తిన్నదంతా ఊపిరి విడిచింది. మూత మనమే వేశాం. పశువులు తొక్కుతూ ఉంటే ఆ మూత బిగిసేది కాదు."

"ఆ మాట మా అన్న చెప్పాడండి."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నా గొట్టంలో కనపడలేదు."

ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఎంత గాలి ఉండొచ్చో వేలితో మట్టి మీద లెక్క వేశారు. ఆరు వందల ఎకరాల కింద చిక్కుకున్న బొగ్గుపులుసు గాలి. మామూలు గాలికంటే బరువు, నీళ్ళలాగే పల్లానికి పోతుంది. మెట్టకి పల్లం ఏదో నేను ఆయనకి చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడే బెహరా మనిషి ఒకడు వచ్చి చెప్పాడు. ఊరివాళ్ళు మళ్ళీ ఎక్కకుండా మెట్ట అంచు పొడవునా కందకం తవ్వమని పైనుంచి చెప్పారట, పొక్లెయిన్ బయల్దేరిందట, తెల్లారి ఏడింటికి పని మొదలట. ఎనిమిదడుగుల లోతు. సరిగ్గా ఊరి నెత్తిన. డాక్టరుగారు వద్దని ఎంత చెప్పినా వాడు వినలేదు, ఈయన మాట ఇప్పుడెవరూ వినక్కర్లేదన్నట్టు మాట్లాడాడు. "పొద్దున్నే వెళ్ళి దాని ముందు పడుకుంటాను" అన్నారు డాక్టరుగారు. ఆయన ఆ మాట నిజంగానే అన్నారు. యంత్రాన్ని ఆపితే ఊరిని లేపే పనే ఉండదనుకున్నాం.

బుధవారం మేమిద్దరం ఆరున్నరకే బయల్దేరాం. గాలి అన్నది లేదు. మంచు లోవలో గిన్నెలో పాలలా నిలబడి ఉంది. దూరం నుంచే ఇంజను చప్పుడు వినపడింది. వాళ్ళు ఏడింటి దాకా ఆగలేదు. మేం గట్టు ఎక్కేసరికి కందకం నలభై గజాలు సాగిపోయింది. చూస్తూండగానే ఇంజను దగ్గి, గుటకలు మింగి ఆగిపోయింది. డ్రైవరు తల కిటికీ మీద వాలిపోయింది. కందకం అంచు నుంచి మంచు కొత్తగా పుట్టి గెడ్డలోకి జారుతోంది.

డాక్టరుగారు పరుగెత్తారు. నేను చొక్కా పట్టుకున్నాను, చిరిగి చేతికొచ్చింది. ఆయన డ్రైవర్ని తలుపులోంచి సగం లాగారు. అక్కడే మోకాళ్ళ మీద పడి, నా వైపు తిరిగి ఊరి వైపు చెయ్యి చూపించారు. గొంతు రాలేదు. చెయ్యి మాత్రం చూపిస్తూనే పడిపోయారు.

నేను మెట్ట పక్కగా పోయే ఎత్తు దారి పట్టి ఊరికి పరుగెత్తాను. గెడ్డ లోతుగా ఉంటుంది, అది నిండాకే ఊళ్ళోకి పొర్లుతుంది. అరగంట ఉందనుకున్నాను. గెడ్డ వెంట పోయే దారి పనికిరాదు. బతకాలంటే తూర్పున పనసమెట్ట ఎక్కాలి.

మా ఇంటి ముందు మూడు శవాలూ వరసగా ఉన్నాయి. ఊరంతా అక్కడే కూర్చునుంది. చావింటి వాకిట్లో చెప్పులు వేసుకోకూడదు. విడిచి లోపలికి నడిచాను. అమ్మ అన్న తల దగ్గర కూర్చుని ఉంది. అన్న గుండె మీద కొయ్యగంట పెట్టి ఉంది.

"లేవండి. పనసమెట్ట ఎక్కండి. నిన్న గోతిలో ఉన్న గాలే ఊరి మీదకొస్తంది" అన్నాను.

ఎవరూ కదల్లేదు.

"ఊరు కాళీ సేయించడానికి నిన్నంపినారేటి?" అన్నాడు నిన్న నిప్పు దించిన ముసలాయన.

"తాతా, నీ కళ్ళతో నువ్వు సూసినావు కదా."

"సూసినాను. ఇసమెట్టినోల్లెవరో కూడా సూసినాను."

కాళ్ళు పట్టుకున్నాను. తన్నాడు. వదిన కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. బతిమాలడానికి పావుగంట పోయింది. గెడ్డ వైపు పెరళ్ళలో కోళ్ళు కూయడం మానేశాయి. మాట మీద వీళ్ళు లేవరని అప్పుడు అర్థమైంది. నా దగ్గర మిగిలింది ఒక్కటే.

"అన్నని పట్టిచ్చింది నేనే" అన్నాను.

వదిన తలెత్తింది.

"ఆదివారం అంబలి తాగి ఎల్లి బెహరాకి సెప్పాను. ఏ వార కాలుస్తాడో సెప్పాను. ఎన్నింటికో సెప్పాను. కాపలావోళ్ళు కనిపెట్టింది కాదు. నేనే."

ఇది అబద్ధమైతే నేనింత బాగా చెప్పగలిగేదాన్ని కాదు. అందరి మొహాల్లోకీ అది దిగేదాకా ఆగి, అన్న గుండె మీది గంట తీసుకున్నాను. చనిపోయినవాడి గంట. దాన్ని బలంగా ఊపుతూ తూర్పు దారిన పరుగెత్తాను.

ఆ గంటకి దొడ్లో ఆవులు మొదట కదిలాయి. తడిక విరిగిన చప్పుడు వినపడింది. మా ఊళ్ళో మనుషులకంటే ముందు పశువులు, వాటి వెనక గొడ్డళ్ళూ కర్రలూ పట్టుకుని మగవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు. ఊరు ఊరంతా నన్ను చంపడానికి పనసమెట్ట ఎక్కింది. వెనక్కి తిరిగి చూసి, ఇంకా గట్టిగా గంట ఊపాను. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

సగం ఎత్తులో మొదటి రాయి వీపుకి తగిలింది. ఆగలేదు. పనస చెట్ల దాకా తీసుకెళ్ళగలిగితే చాలనుకున్నాను. తీసుకెళ్ళాను. అక్కడ పడ్డాను. నా మీద ఎన్ని చేతులు పడ్డాయో ఈసారి లెక్కపెట్టలేదు. ఎడమ చెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. వదిన అందర్నీ తోసుకుంటూ వచ్చింది, తమ్ముడు గొయ్యి తవ్విన గునపం ఆమె చేతిలో ఉంది. మోకాలి మీద రెండు చేతులతో దించింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి తలకి గురి పెట్టింది.

ఎత్తిన గునపం అలాగే ఉండిపోయింది. వదిన నా మీంచి కిందికి చూస్తోంది.

నేను మెడ తిప్పి చూశాను. మంచు ఇళ్ళ చూరుల దాకా నిండింది. కట్టేసి ఉన్న గేదెలు ఒకటొకటిగా ముందుకాళ్ళ మీద కూలుతున్నాయి. మా వెంట పరుగెత్తి, మధ్యలో వెనక్కి తిరిగిన కుక్క ఒకటి వాలు మొదట్లో గుండ్రంగా తిరిగి పడిపోయింది. పొయ్యిల పొగ ఆగిపోయింది. ఒక పసిపిల్ల ఏడుస్తోంది.

"అత్త" అంది వదిన. "అత్తేదీ?"

అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు. నేను పాక్కుంటూ వాలు వైపు కదిలాను. విరిగిన కాలు వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. వదిన గునపం పారేసి నా జుట్టు పట్టుకుంది, నిన్న గొయ్యి దగ్గర నేను పట్టుకున్నట్టే. గీరాను, కరిచాను. ఆమె వదల్లేదు.

రెండు రోజులకి గాలి తిరిగాక మగవాళ్ళు గడ్డి కాగడాలు ముందు పెట్టుకుని ఊళ్ళోకి దిగారు. ఏడుగురు పోయారు. ఆరుగురు మంచం మీంచి లేవలేనివాళ్ళు. అరగంటలో వాళ్ళని ఎవరు మోస్తారని నేను ఆలోచించలేదు. ఆ తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. ఏడో మనిషి మా అమ్మ. అమ్మకి కాళ్ళు బాగానే ఉన్నాయి. వారం వారం సంతకి ఆరు మైళ్ళు నడిచేది.

నాకు కాలు తీసేశారు. ఆసుపత్రికి వదిన ఒక్కతే వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత సంచిలోంచి నా చెప్పులు తీసి పక్కన పెట్టింది.

"అత్త ఒళ్ళో ఉన్నాయి" అంది. "నువ్వు గంట లాక్కుని పరుగెడతంటే నాను గునపం తీసినాను. అత్త లేసి నీ సెప్పులు తీసినాది. ‘ముళ్ళదారి, ఉత్తికాళ్ళతో పోతంది గుంట’ అన్నాది. అవి అట్టుకుని మల్లీ గాసి కాడ కూకున్నాది. ‘ఆకలేస్తే అదే తిరిగొత్తాది’ అన్నాది. నాను ఇనిపించుకోకుండా నీ ఎనకాల పరుగెట్టినాను."

పక్కనే అంబలి గిన్నె కూడా ఉందట, మూత పెట్టి.

నా మీద పగ పట్టినవాళ్ళందరూ బతికారు. మా అమ్మకి నా మీద కోపం రాలేదు.